ఎవరికి ఏ ఎముక

గుండె కోసి కుట్టాక మనిషి చెప్పేది ఒకటి, రక్తం చెప్పేది ఒకటి. డాక్టర్ బురుల్ రెండోదాన్నే నమ్ముతుంది. లోపల మూత్రపిండాలు మొరాయిస్తున్నాయని ముందుగా కబురు మోసుకొచ్చేది క్రియాటినిన్ అంకే కదా.

ఆ ఉదయం బిష్కెక్ ఆసుపత్రిలో, ఆరో గది రక్తపరీక్షల కాగితాన్ని ఆమె రెండుసార్లు చదివింది. నలుగురికి నలుగురికీ అంకె ఎగబాకింది. నిన్న అందరిదీ తొంభై చిల్లరే. ఇవాళ ఓస్మోన్‌కుల్ తాతకి నూట యాభై, జుమాష్‌కి నూట ముప్పై ఐదు, కసీమ్‌కి నూట ఇరవై, తుర్దుబెక్‌కి నూట నలభై ఐదు.

ఐసీయూలో ఖాళీ మంచం ఒక్కటే. అంకె పెద్దది కాబట్టి ఓస్మోన్‌కుల్ పేరు రాసి మధ్యాహ్నంలోగా పంపమన్నాడు పెద్ద సర్జన్. తప్పు మనిషిని పంపితే అసలు మనిషి కళ్ల ముందే చేజారిపోతాడు. బురుల్‌కి అదే భయం.

గదిలోకి వెళ్లి రాత్రి ఏం తిన్నారని అడిగింది. ఆసుపత్రి జావ తప్ప ఏమీ ముట్టలేదని నలుగురూ ఒకే గొంతుతో చెప్పి, తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. ఎముకలు కొరికే చలిలో కిటికీ మాత్రం బార్లా తెరిచి ఉంది.

ఆమె మళ్లీ కాగితం చూసింది. తాతకి డెబ్భై తొమ్మిదేళ్లు, జుమాష్‌కి డెబ్భై ఒకటి, కసీమ్‌కి అరవై ఆరు. ఈ ముగ్గురి అంకెలూ వయసు వరసనే దిగాయి. నరీన్‌లో తన తాతగారింట్లో మాంసం పంచేది సరిగ్గా ఇలాగే. ఏ వయసుకు ఏ ఎముకో లెక్క ఉంటుంది, పెద్ద ముక్క పెద్దవాళ్లకే. కాదంటే పెట్టినవాళ్లకు అవమానం.

"తాతా, తుంటి ఎముక జుమాష్ గారికి వేశారటగా?" అంది, ఏమీ ఎరగనట్టు.

ఓస్మోన్‌కుల్ మీసం లేచింది. "వాడికెందుకేస్తారమ్మా? నాకంటే ఎనిమిదేళ్లు చిన్నోడు. నేను బతికుండగా తుంటి ఎముక ఇంకోడికి పోద్దా?" అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఇక గుట్టంతా బయటపడింది. తాత చెల్లెలు నిన్న సాయంత్రం దుప్పటి చుట్టిన గిన్నెతో గుర్రం మాంసం తెచ్చింది. ఆ వాసన పోవడానికే కిటికీ తెరిచారు. గొంతుదాకా మాంసం తింటే ఆ అంకె పెరగక ఏం చేస్తుంది? రేపటికి దిగుతుంది. బురుల్ నలుగురికీ గడ్డి పెట్టింది గానీ, సగంలో నవ్వు ఆపుకోలేకపోయింది.

అప్పుడు నాలుగో అంకె గుర్తొచ్చింది. తుర్దుబెక్‌కి నలభై ఎనిమిదేళ్లు. గదిలో అందరికంటే చిన్నవాడు, అందర్నీ నవ్వించేవాడు. చిన్నవాడి వంతు చిన్నముక్కే, అంకె మాత్రం దాదాపు తాతంత.

"నీకేం వచ్చింది తుర్దుబెక్?"

"నాకేముంది డాక్టరమ్మా. చిన్నోణ్ని కదా, అందరి చేతుల మీద నీళ్లు పోశా. ముక్క వాసనకే కడుపులో తిప్పింది. తాతకిచ్చేశా."

తాత గోడ వైపు చూశాడు. బురుల్ నవ్వు ఆగిపోయింది. వంగి, తుర్దుబెక్ మంచం కింద వేలాడే మూత్రం సంచి ఎత్తి చూసింది. అడుగు కూడా సరిగా తడవలేదు. మొరాయించింది ఇతని మూత్రపిండాలే. ఐసీయూకి పంపే కాగితం మీద ఓస్మోన్‌కుల్ పేరు కొట్టేసి అతని పేరు రాసింది.

చక్రాల మంచం వచ్చేసరికి తుర్దుబెక్ మొహం పాలిపోయింది. అయినా నోరు ఊరుకోలేదు. "పెద్దాయన ఉండగా నన్ను ముందు తీసుకెళ్తున్నారేంటి?"

ఓస్మోన్‌కుల్ కుట్లు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఈ పూటకి నువ్వే పెద్దోడివిరా. ముందు నువ్వెళ్లు."