కోడీ, కాలూ, ఎవరిదో కుక్క

ఆ ఇంట్లో ఇద్దరు రోగులు. సినాలేకి ఎడమ పిక్క మీద పద్నాలుగు కుట్లు. మసీనాకి వీపు మీద తొమ్మిది కుట్లు, పైగా అక్కడ ఒక్క ఈకా లేదు. సినాలే మనిషి, మసీనా తెల్లకోడి. ఇద్దరూ ఒకే చాప మీద పడుకుంటారు, ఒకే గిన్నెలో కొబ్బరిపాలతో ఉడికిన చేమదుంప తింటారు, ఒకరు మూలిగితే రెండోవారు మూలుగుతారు.

ఊళ్ళో నవ్వని నోరు లేదు. సవాయీ దీవిలో కోడిని పెంచడమనేది ఎవరూ ఎరగరు. అవి చెట్లెక్కి పడుకుంటాయి, దొరికింది ఏరుకు తింటాయి, మనకి ఆకలేస్తే మనం వాటిని తింటాం. దానికో పేరు పెట్టి, దిండు వేసి పడుకోబెట్టింది ఈవిడొక్కతే.

"వదినా, దాని వీపు నేను పీకక్కర్లేకుండానే శుభ్రంగా ఉంది. నీళ్ళు మరగబెట్టనా?" అంది ఫియా. సినాలే తమ్ముడి పెళ్ళాం. మొగుడు పక్క దీవిలో, ఆపియా రేవులో పనిచేస్తుంటే ఈవిడ ఇక్కడ వదినగారికి సేవలు చేస్తోంది.

"నీ నాలిక మరగబెట్టుకోవే. దాని జోలికొస్తే నీ వీపు చూస్తా."

"కోడి కోసం కాలు కరిపించుకున్న మనిషివి, అన్నంత పనీ చేస్తావు తల్లీ!"

అదీ నిజమే. మూడు వారాల కింద, తెల్లవారుతూనే జోరున వాన. సినాలే వెనకాల వంటపాకలో పొయ్యి ఊదుతుంటే మసీనా గావుకేక పెట్టింది. పరిగెత్తి చూస్తే ఓ గోధుమరంగు కుక్క దాన్ని వీపు పట్టుకుని ఈడ్చుకుపోతోంది. సినాలే కొబ్బరి కోరే పీట ఎత్తి కొట్టింది. కుక్క కోడిని వదిలి ఆమె పిక్క పట్టుకుంది. వాన, పొగ, నెత్తురు. కళ్ళు తుడుచుకుని చూసేసరికి అరటిచెట్ల మధ్య తోక మాత్రం కనబడింది. ఊళ్ళో గోధుమరంగు కుక్కలు పదకొండు ఉన్నాయి.

ఆమె కాలిని జిల్లా ఆసుపత్రిలో నర్సు కుట్టింది. కోడిని ఆసుపత్రిలోకి రానివ్వలేదు. దాన్ని కుట్టింది లెవుటూ. చిన్నప్పటినుంచీ సినాలేతో కలిసి పెరిగిన మనిషి, చాపలల్లే చేతులు, చర్చి పక్కన ఇల్లు. దుప్పటి కుట్టే సూదితో, చేపల గాలపు దారంతో, వణుక్కుంటూ కుట్టింది. ఆ రోజునుంచీ పొద్దున్నే వచ్చి ఇద్దరి గాయాలకీ తొగరాకు వేడిచేసి కట్టి వెళుతోంది.

"చేతులెందుకే అలా వణుకుతాయి?" అని సినాలే అడిగితే, "వయసు" అనేది లెవుటూ.

ఇక సినాలే పనల్లా మంచాన పడ్డవాళ్ళందరూ చేసేదే, ఆలోచించడం. ఎవరు పలకరించడానికి వచ్చినా ముందు వాళ్ళ కాళ్ళ వెనక చూసేది, కుక్క వచ్చిందా అని. వస్తే, "ఓహో, నేరం జరిగిన చోటు చూసుకోడానికి వచ్చిందన్నమాట" అనుకునేది. రాకపోతే, "ఎందుకు తీసుకురాలేదో?" అనుకునేది. పాస్టరుగారి భార్య పావుగంట ప్రార్థన చేసి వెళితే, ఆ పావుగంటా ఒక కన్ను తెరిచి ఆవిడ గౌనుకి గోధుమరంగు వెంట్రుకలున్నాయేమోనని వెతికింది.

అయితే ఆ అనుమానాలన్నీ కాలక్షేపానికి. అసలు అనుమానం రాతిగోడ అవతల ఉంది. తుయిలంగి ఆమె పెదనాన్న కొడుకు, ఆమెకంటే ఆరేళ్ళు చిన్న. గోడ పక్కన ఉన్న సీమపనస చెట్టు తనదంటే తనదని రెండేళ్ళుగా మాటల్లేవు. అతని కుక్క పాతో, గోధుమరంగే.

"కాలు ఊడిపోయేలా కరిస్తే అక్కని చూడ్డానికి రాడా? మొహం చెల్లకే కదూ?" అని వారం రోజులు సాధించింది.

ఎనిమిదో రోజు తుయిలంగి వచ్చాడు. బుట్టెడు చేమదుంపలు గడప దగ్గర పెట్టాడు, లోపలికి రాలేదు, నేలవైపే చూస్తూ, "ఎలా ఉందక్కా?" అన్నాడు.

"బతికే ఉన్నా."

"సరే అక్కా" అని వెళ్ళిపోయాడు.

"చూశావా! కళ్ళెత్తి చూడలేకపోయాడు. ఊరికే ఇస్తారా ఇన్ని దుంపలు?" అంది సినాలే.

"రాకపోతే దొంగ, వస్తే గజదొంగ. మా మరిది ఏం చేస్తే బాగుణ్ణు వదినా?" అంది ఫియా. లెవుటూ ఆకు కడుతూ తలెత్తలేదు.

సోమవారం ఊరిపెద్దల సభ. అక్కడ సినాలేని పిలిచి, కరిచిన కుక్క ఎవరిదని అడుగుతారు. ఆమె ఏ కుక్క పేరు చెబితే ఆ కుక్కని ఊరి కుర్రకారు ఆ సాయంత్రమే కొట్టి చంపుతారు. యజమాని జరిమానాగా పందిని ఇచ్చుకోవాలి. అదీ ఊరికట్టు. అంటే పాతో ప్రాణం ఇప్పుడు సినాలే నోట్లో ఉంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అందుకే ఎంతైనా న్యాయంగా ఉండాలని, ఆదివారం చర్చినుంచి వచ్చాక ఓ పరీక్ష పెట్టింది.

మసీనాని చంకలో పెట్టుకుని, కుంటుకుంటూ గోడ దగ్గరికెళ్ళి, అవతలికి దింపింది. పాతో ఎండలో పడుకుని ఉంది. కోడి ఒకసారి అటు చూసింది. తాపీగా నడిచి, కుక్క తోక పక్కన మట్టి గీరి, ఓ పురుగు తిని, మరోటి వెతుక్కుంది. పాతో ఆవలించింది.

సినాలేకి ఒళ్ళు మండింది. "పాపం, భయంతో మతి పోయింది దీనికి. చంపబోయినవాణ్ణి కూడా పోల్చుకోలేకపోతోంది!"

"మతి పోయింది ఎవరికో" అని గొణిగింది ఫియా.

మర్నాడు పొద్దున్నే ఆకు పట్టుకుని లెవుటూ వచ్చింది. రోజూలాగే, ఆమె గడపలో కాలు పెట్టేసరికి మసీనా రెక్కలు కొట్టుకుంటూ పెట్టె వెనక దూరింది.

"సూదితో పొడిచావుగా, నిన్ను చూస్తే దానికి హడల్" అంది సినాలే నవ్వుతూ.

లెవుటూ నవ్వలేదు. "సినా, ఇవాళ సభలో... నువ్వు ఖాయంగా చూశావా? వాన కదే."

"ఏమే, నువ్వు కూడా వాడి తరఫేనా?"

"కాదే. అడిగానంతే."

"చూశాను" అంది సినాలే. ఇన్నిసార్లు ఇంతమందికి చెప్పాక ఆమెకి నిజంగానే చూసినట్టుంది. పాతో మొహం, పాతో పళ్ళు, అన్నీ.

సభలో బైబిలు మీద చెయ్యి పెట్టి అదే చెప్పింది. పెద్దలు తుయిలంగివైపు తిరిగారు. నువ్వేమైనా అంటావా అన్నారు. అతను కాళ్ళు మడిచి కూర్చుని, చాప అల్లికలు లెక్కపెడుతున్నట్టు చూస్తూ, "మా అక్క చెప్పాక ఇంకేముంది?" అన్నాడు. ఒక్క మాట ఎదురాడలేదు. ఇంటికొస్తూ సినాలే ఫియాతో ముప్పైసార్లు అంది, చూశావా, తప్పు లేనివాడు ఊరుకుంటాడా అని. సాయంత్రం గోడ అవతల ఒక్కసారి కుయ్యిమన్న చప్పుడు వినబడి ఆగిపోయింది. ఆ పూట ఆమెకి చేమదుంప సహించలేదు. కాలు నొప్పి అంది.

మంగళవారం తెల్లారి ఫియా తడికె ఎత్తి, "వదినా! వదినోయ్! లే!" అని కేకేసింది.

ఇంటిముందు, గులకరాళ్ళ మీద ఎవరో మోకరిల్లి ఉన్నారు. తలనుంచి నేలదాకా సన్నచాప కప్పుకుని ఉన్నారు. పట్టులాంటి అల్లిక, అంచుకి ఎర్ర ఈకలు, ఏ ఇంట్లోనైనా పెళ్ళికో చావుకో తప్ప పెట్టెలోంచి తీయని చాప. ఇఫోగా. అంటే, నేను చేసిన దానికి నన్ను ఏం చేసినా చెయ్యి అని వచ్చి మోకరిల్లడం. అవతలివాళ్ళు ఆ చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే అలాగే ఉండాలి, రాయి పుచ్చుకు కొట్టినా ఉండాలి.

"ఇఫోగానా? కుక్క కరిచినందుకా?" ఫియా నోరు తెరిచింది. "ఖూనీ చేసినవాళ్ళు చేస్తారు ఇది! అదీ ఇంటిల్లిపాదీ వెంట వస్తారు గానీ ఒక్కళ్ళేమిటి?"

"తుయిలంగి" అంది సినాలే. ముందు గుండె ఉబ్బింది. ఆ వెంటనే అనుమానం పట్టుకుంది. కుక్క చచ్చింది, పందిని ఇచ్చేశాడు, సభలో అయిపోయింది. మళ్ళీ ఇంత పెద్ద చాప ఎందుకు? ఇంత పెద్ద చాప కిందకి రావాలంటే ఇంకేదో ఉండాలి.

"ఎత్తు వదినా, ఎండెక్కుతోంది."

"ఎవరో తెలియకుండానా?"

"ఎత్తి చూడు, తెలుస్తుంది."

"ఎత్తితే క్షమించేసినట్టే కదే! చూసి ఎత్తడానికి లేదు, ఎత్తి చూడ్డానికి లేదు. ఇదేం గొడవే?"

గడపలో కాలు చాపుకుని కూర్చుంది. ఆ గుట్టని ఎగాదిగా చూసింది. తుయిలంగి ఇంత చిన్నగా ఉంటాడా? వంగితే ఉంటాడేమో. దగ్గు వినబడింది, ఆడదగ్గో మగదగ్గో తేలలేదు. తొమ్మిదయింది, పది అయింది. దారిన పోయేవాళ్ళు గొంతు తగ్గించుకుని పోతున్నారు. ఆకు కట్టడానికి లెవుటూ ఇంకా రాలేదు, ఈ పూటే ఆలస్యం చెయ్యాలా ఇది అని విసుక్కుంది కూడా.

అప్పుడు మసీనా బయటికి నడిచింది. గులకరాళ్ళ మీద పొడుస్తూ, పొడుస్తూ, చాప అంచుదాకా వెళ్ళింది. మెడ చాపింది. అంతే, ప్రాణం పోయినట్టు అరిచి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ వచ్చి సినాలే ఒళ్ళో పడింది. దాని గుండె ఆమె అరచేతికింద దడదడలాడుతోంది.

సినాలే కోడిని చూసింది, చాపని చూసింది. ఈ కోడి ఇలా హడలిపోయేది ఒక్కళ్ళని చూస్తేనే. మూడు వారాలుగా, రోజూ, ఇదే గడపలో.

"లెవుటూ!"

చాప వణికింది.

"ఒసే లెవుటూ, రోజూ నీ వెనకాలే వచ్చేది కదే నీ కుక్క. ఈ మూడు వారాల్లో ఒక్కసారైనా రాలేదేం? ఊరందరి కుక్కల్నీ లెక్కపెట్టాను. నీ కుక్క సంగతి నేను అడగనే లేదు!"

"మా చెల్లెలి ఊరికి పంపేశాను" అంది చాప కింద గొంతు. "ఆ వేళ నోట్లో తెల్ల ఈకలతో ఇంటికొచ్చింది. చెబుదామనే వచ్చానే, ఒట్టు. నేను నోరు తెరిచేలోపే పాతో అన్నావు. మర్నాడూ పాతో అన్నావు. రోజూ చెబుదామనే వచ్చాను. నా బట్టలకీ చాపలకీ దాని వాసన ఇంకా పోలేదు కదా, నన్ను చూస్తే కోడి పారిపోయేది. నువ్వేమో సూది అనేదానివి. నిన్న చూశానన్నావు. నిజంగా చూశావేమోనని, ఒకవేళ నాది కాదేమోనని... ఆశపడ్డాను. సాయంత్రం పాతో అరుపు మా ఇంటిదాకా వినబడింది సినా."

"దొంగముండా!" అంది సినాలే. ఇంకా చాలా అంది, ఇక్కడ రాయదగ్గవి కావు. నాకు కట్టుకట్టిన చేత్తోనే మోసం చేశావంది. నీ మొహం చూడనంది. అరిచి అరిచి ఊపిరాడక ఆగింది. ఆగితే ఒక సంగతి మిగిలింది. లెవుటూ చెప్పలేదు, నిజమే. కానీ చూశానని బైబిలు మీద చెయ్యి పెట్టింది లెవుటూ కాదు.

కోడిని ఫియా చేతిలో పెట్టింది. కర్ర పట్టుకుని గులకరాళ్ళ మీదకి దిగింది. చాప ఎత్తింది. లెవుటూ మొహం ఉబ్బిపోయి ఉంది.

"క్షమించావా?" అంది లెవుటూ.

"అది తర్వాత చూద్దాం. లే. ఆ చివర పట్టుకో. ఈ చాప రావలసిన ఇల్లు ఇది కాదు."

ఇద్దరూ చాప మోసుకుంటూ గోడ చుట్టూ తిరిగి తుయిలంగి ఇంటిముందుకెళ్ళారు. కుట్ల కాలు మడిచేసరికి సినాలే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోకరిల్లింది. పక్కన లెవుటూ. చాప కప్పుకున్నారు. లోపలినుంచి ముసలి పెద్దమ్మ గొంతు వినబడుతోంది. "పాతో! పాతో! చేపతల ఉంది రావే! ఏదిరా ఇది?" ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. సినాలే పళ్ళు బిగపట్టింది. ఎంతసేపైనా సరే, సాయంత్రందాకా సరే, రేపటిదాకా సరే, ఉండాలనుకుంది. రాయి వేస్తే వెయ్యనీ. అసలు వేస్తే బాగుండును.

అడుగుల చప్పుడు. పరుగు. క్షణంలో చాప లేచిపోయింది. వెలుతురు కొట్టి కళ్ళు మూతలు పడ్డాయి.

"లే అక్కా" అన్నాడు తుయిలంగి. నేలవైపు చూస్తున్నాడు. "లే, ఎవరైనా చూస్తారు."

"నేను ఏ కుక్కనీ చూడలేదురా. వానలో నాకేం కనబడలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"ఆ పొద్దున పాతో నాతో పడవలో ఉంది. పగడపు దిబ్బ దగ్గర వల వేస్తున్నాం."

"మరి సభలో ఎందుకు చెప్పలేదు?" అని అరిచింది. "నోరు లేదా నీకు?"

తుయిలంగి మొదటిసారి కాస్త తలెత్తాడు, ఆమె భుజందాకా. "నువ్వు అక్కవి. నలుగురిలో అక్క మాట అబద్ధమని తమ్ముడెలా అంటాడు? మన ఇళ్ళలో ఎవరైనా అన్నారా?"

ఎవరూ అనలేదు. తాతల నాటినుంచీ అనలేదు. అక్క ఎదుట తమ్ముడు కళ్ళెత్తడు, ఎదురాడడు, అక్క మోకరిల్లితే క్షణం చూస్తూ నిలబడడు. ఆ మర్యాదలన్నీ పుట్టినప్పటినుంచీ అనుభవించిన మనిషే, వాటినే తప్పుకి సాక్ష్యంగా లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడీ చాప కూడా అందుకే లేచింది. అతను క్షమించాడో లేదో ఆమెకి ఎన్నటికీ తెలియదు. కోపగించుకునే వీలు కూడా అతనికి ఆమె మిగల్చలేదు.

"లే అక్కా, కాలు నొప్పెడుతుంది" అన్నాడు మళ్ళీ, చెయ్యి అందిస్తూ.

సినాలే ఆ చెయ్యి పట్టుకోలేదు.

"కప్పెయ్యరా" అంది. "నీకు పుణ్యముంటుంది. ఇంకాసేపు ఉండనియ్యి."