రెండో చప్పుడు

పొద్దున్నే ఎనిడ్ బ్రెడ్డు ముక్కలకి వెన్న రాస్తోంది. భర్త లియోనెల్ టీ కప్పులోంచి తలెత్తకుండానే అన్నాడు: "ఇవాళ ఆ ఆకుపచ్చ కోటు నువ్వేసుకోవాలి. మావిస్ రావట్లేదు."

అతని సినిమాలో ఆ కోటు తొడుక్కుని హీరోయిన్ బదులు దూకేదీ, వేలాడేదీ మావిసే. ఎందుకు రావట్లేదని అడిగింది ఎనిడ్. "ప్రతిదానికీ ఎందుకంటావేం?" అన్నాడు. ఎనిడ్ ఇంకో బ్రెడ్డు ముక్క అందుకుంది.

లియోనెల్ తీసే సినిమాలన్నీ రైల్లోనే నడుస్తాయి. పరుగెత్తే పెట్టెలో ఒక ఆడమనిషి, ఆమె వెనక ఒకడు, దిగడానికి దారి ఉండదు. ఏ షాటులో కిటికీ ఎంత దిగి ఉందో, ఎవరి చేతిలో సిగరెట్టు ఎంత కాలిందో కాగితాల మీద రాసిపెట్టడం ఎనిడ్ పని. ఊడిన గుండీలు కుట్టడం, అందరికీ శాండ్‌విచ్‌లు చేయడం, అలిగిన హీరోయిన్‌ని బుజ్జగించడం కూడా ఆమె పనే, కాకపోతే వాటిని ఎవరూ పని అనరు. తెర మీద ఆమె పేరు పడదు. "ఇంట్లో మనిషివి, నీకు పేరెందుకు?" అన్నాడు మొదటి సినిమాకి. ఇది ఏడోది.

భయం ఎలా ఉంటుందో అతను ఇంట్లోనే చూసుకుంటాడు. మేడమెట్ల మీద దీపం ఆర్పేసి, ఆమె ఎంతసేపటికి కేక పెడుతుందో గడియారం పట్టుకుని చూస్తాడు. చప్పుడు చేయకుండా వచ్చి మెడ మీద చల్లటి చెయ్యి వేస్తాడు. పోయిన క్రిస్మస్‌కి అత్తగారితో చెప్పుకుంటే, "వాడి బుర్ర నిండా ఆలోచనలేనమ్మా, కాస్త సర్దుకుపో. బెదురు గొడ్డులాంటి పెళ్ళాం దొరకడం వాడి అదృష్టం" అని నవ్విందావిడ. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఎనిడ్ కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సొంత ఇంట్లో తలుపు చాటు చూసుకుంటూ నడిచే మనిషి నవ్వడమేమిటి?

రైలు మూతబడ్డ చిన్న లైనుది, సినిమా కోసం అద్దెకి తెచ్చింది. గార్డు బ్రెయిత్‌వైట్ పెద్దాయన. మొదటి రోజే ఆమెకి చెప్పాడు: "ఈ పాత పెట్టెల తలుపులు మాయదారివమ్మా. వేసినప్పుడు రెండు చప్పుళ్ళు వినాలి. ఒక్కటే వినపడితే చూట్టానికి పడ్డట్టే ఉంటుంది, ఆనుకుంటే తెరుచుకుంటుంది." ఎనిడ్ అది కూడా రాసిపెట్టుకుంది.

ఆకుపచ్చ కోటు వేసుకుని, తలకి రుమాలు కట్టుకుని పెట్టెలో నిలబడింది. బయల్దేరే ముందు తలుపు వేసింది లియోనెలే, నెమ్మదిగా, చేత్తో దగ్గరకి నెట్టి. ఆమెకి ఒక్క చప్పుడే వినిపించింది. రెండో దాని కోసం ఆగింది. రైలు కదిలింది.

"వంతెన రాగానే కెమెరాకి వీపు పెట్టి, తలుపు మీద బరువంతా వేసి నిలబడు. నాకు నిజమైన వణుకు కావాలి" అన్నాడు లియోనెల్.

"తలుపు సరిగ్గా పడలేదండీ. ఒక్కసారే చప్పుడైంది."

"కళ్ళతో తప్పులు పట్టడం అయిపోయింది, ఇప్పుడు చెవులతో మొదలెట్టావా?"

కెమెరామన్ పెరీ చిన్నగా నవ్వాడు. తలుపు కదులుతోంది. సందులోంచి గాలి సన్నగా ఈల వేస్తోంది. "మీరొకసారి చేసి చూపించండి" అంది ఎనిడ్.

అందులో వింతేమీ లేదు. నటులకి ప్రతీదీ తనే చేసి చూపిస్తాడు లియోనెల్. తను చేయనిది ఎవరినీ చేయమననని పదిమందిలో గొప్పగా చెప్పుకుంటాడు. పెరీ చూస్తున్నాడు కాబట్టి కాదనలేకపోయాడు. లేచి తలుపు దగ్గరకి వెళ్ళాడు.

ఏడు సినిమాలుగా ఇలాంటివే చూసిన కళ్ళు ఆమెవి. లియోనెల్ ఎడంచెయ్యి పైన సామాన్ల కమ్మీని పట్టుకుంది, వేళ్ళ కణుపులు తెల్లబడేంత గట్టిగా. అతని ఛాతీకీ తలుపుకీ మధ్య జానెడు ఖాళీ ఉంది.

"ఇంతే. ఇందులో ఏముంది?"

"మీరు ఆనుకోలేదు."

"నువ్వు ఆనుకుంటావుగా. రా, వంతెన వచ్చేస్తోంది."

ఎనిడ్ కాళ్ళు అటు కదిలాయి. అతను పిలిస్తే వాటికది అలవాటే. ఆ కదలడమే ఆమెని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది. లోయ కనిపించింది, అడుగున ఏరు నూలుపోగంత ఉంది. చెయ్యి పైకెత్తి, కిటికీ పైనున్న గొలుసు పట్టుకుని, ఒంట్లో బలమంతా వేసి లాగింది.

రైలు కీచుమంటూ వంతెనకి ఇవతలే ఆగింది. బ్రెయిత్‌వైట్ పరుగున వచ్చాడు.

"గొలుసు ఎవరు లాగారు?"

"మా ఆవిడే. ఆవిడకి కాస్త బెదురు. షాటు తగలేసింది, ఏమనుకోకండి" అన్నాడు లియోనెల్ నవ్వుతూ.

పెద్దాయన అతనివైపు తిరగలేదు. "ఏమైందమ్మా?"

ఎనిడ్ పళ్ళు ఇంకా టకటకమంటున్నాయి. అవి ఆగేదాకా ఉందామనుకుంటే ఎప్పటికీ చెప్పలేనని తోచింది.

"తలుపు పూర్తిగా పడలేదు. ఆ సంగతి ఈయనకి తెలుసు" అంది.