పాట లేని కాపీ

యలమంద ఫిలిమును ఎడమచేతి రెండు వేళ్ల మధ్య నుంచి పోనిస్తూ, కుడిచేత్తో రీలు తిప్పుతున్నాడు. అంచు చిరిగిన చోట వేలికి చురుక్కుమంటుంది. ఇరవై ఏళ్లుగా రేపల్లె సినిమాహాల్లో ఆపరేటరు. ఆ రెండు వేళ్ల చర్మం మొద్దుబారి మెరుస్తుంది. మ్యాట్నీకి ఇంకా మూడు గంటలుంది. ఈవేళ అతని జేబులో కత్తెర ఉంది.

సినిమా పాతదే. అరవై ఏడులో నిజాంపట్నం రేవులో తీశారు. పడవ పాట మధ్యలో చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె అలా నడిచిపోతుంది. ఆమె యలమంద భార్య పేరంటాలు. పుట్టింటికి వెళ్లి ఆ షూటింగులో పడింది. అప్పట్లో సినిమా ఇక్కడ నాలుగు రోజులే ఆడింది. నేల టిక్కెట్టులో కూర్చుని చూసిన పేరంటాలు సిగ్గుతో చచ్చిపోయింది.

"ఏంటయ్యా ఆ నడక! ఎవరో తరుముతున్నట్టు" అని ఇంటికొచ్చి పడీపడీ నవ్వింది.

మరుసటి ఏడు కామెర్లతో పోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు.

ఫిలిం ముక్క కత్తిరించి దాచుకునే ఆపరేటర్లు బోలెడుమంది. యలమందకు అప్పుడు చెయ్యి రాలేదు. పరాయి వస్తువు ముట్టకూడదనుకునే వెర్రిబాగులవాడు. ఇప్పుడు సినిమాకు విదేశంలో పతకం వచ్చిందని మళ్లీ విడుదల చేశారు. పోస్టరు మీద హీరో ముఖం కన్నా పతకమే పెద్దది. ఈసారి మాత్రం ఆమె కనిపించే బెత్తెడు ముక్క తీసుకుని తీరాలనుకున్నాడు.

నాలుగో రీలు వచ్చింది. రేవు, పడవలు, ఆ వెంటనే కోర్టు సీను. వెనక్కి తిప్పి బల్బు ముందు పట్టి చూశాడు. రేవు, పడవలు, కోర్టు. ఐదో రీలు కూడా విప్పాడు. అందులోనూ పాట లేదు.

కాపీతో పాటు తెనాలి నుంచి రైల్లో వచ్చిన పంపిణీ కంపెనీ మనిషి ఇస్సాకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పడవ పాట లేదేంటి బాబూ?"

"తీసేశారు బాబాయ్. పాటలుంటే అక్కడోళ్లు నవ్వుతారంట. పోటీకి పంపిన కాపీయే ఇక్కడా ఏస్తున్నారు."

"మనం చూసే సినిమా, వాళ్లు నవ్వితే మనకేంటండి?"

"వాళ్లు మెచ్చబట్టేగా ఇవాళ హాలు నిండేది! అప్పుడు మీ ఊరోళ్లు ఎంతమంది చూశారేంటి?"

యలమంద విప్పిన రీలు మళ్లీ చుట్టసాగాడు. అప్పట్లో ఖాళీ బెంచీలకు ఆట వేసింది తనే.

"పాత కాపీలు ఎక్కడున్నాయండి?"

"ఇంకెక్కడ? గాజులు చేసేవాళ్లు తూకానికి కొనుక్కుపోయారు. ఫిలిం మీద బొమ్మంతా కడిగేసి గాజులు చేస్తారు."

మ్యాట్నీకి హాలు కిటకిటలాడింది. తెర మీద పతకం పేరు పడగానే ఈలలు, చప్పట్లు. నాలుగో రీలులో రేవు రాగానే యలమంద గోడ కంతలోంచి చూశాడు. పేరంటాలు నడవాల్సిన చోట కోర్టు బంట్రోతు ఎవరినో పిలుస్తున్నాడు. అంతమందిలో ఆమె లేదని తెలిసింది అతనొక్కడికే. ఆమె పోయిన నాడు కూడా తను అంత ఒంటరివాణ్నని అనిపించలేదు.

ఆట వదిలాక బజారులో కాంతమ్మ గాజుల కొట్టు ముందు ఆగాడు.

"ఫిలిం గాజులున్నాయా అమ్మా?"

"ఉన్నాయి అన్నా. ఎవరికి? చెయ్యి ఎంత ఉంటుంది?"

 యలమంద తన వేళ్లు గుండ్రంగా వంచి చూపించాడు.

ఆ చలికాలంలోనే ఒక తెల్లవారుజామున నిద్రలో పోయాడు. ఆటలు ఆగలేదు. కొత్త ఆపరేటరు సర్దుకుంటూ బల్ల సొరుగు లాగితే, కాగితంలో చుట్టిన రెండు నల్ల ఫిలిం గాజులు, ఎవరూ వేసుకోనివి.