కంపతడిక

హామూన్ సరస్సు ఎండిపోయి చాలా ఏళ్లయింది. ఒడ్డునున్న ఆ ఊళ్లో ఇప్పుడు పొయ్యి వెలిగే ఇల్లు జర్‌బానుది ఒక్కటే. మిగతావాళ్లంతా తాళాలు వేసుకుని, పొట్ట చేతపట్టుకుని ఉత్తరాదికి పోయారు. మంచం పట్టిన మొగుడు తప్ప పలకరిద్దామంటే మనిషి లేడు. ఆమె కొన్నాళ్లు మేకతో మాట్లాడింది. అదీ చచ్చాక కుండలతో మాట్లాడుతోంది.

ఎండాకాలమంతా ఆగకుండా వీచే నూట ఇరవై రోజుల గాలి మొదలైంది. ఏటా ఈ రోజుల్లో ఆ సీస్తాన్ ప్రాంతపు ఆడవాళ్లు ముళ్లకంప తెచ్చి, తడిక అల్లి, గాలి వచ్చే కిటికీకి కట్టి నీళ్లు చల్లుతారు. ఇల్లు చల్లబడుతుంది. జర్‌బాను కూడా కొడవలి తీసింది. ఒకప్పుడు రెల్లు పడవ మీద చేపలు పట్టిన ఆమె మొగుడు ఖుదాదాద్ ఇప్పుడు మంచంలో ఆయాసంతో కొట్టుకుంటున్నాడు. అతనూ పోతే తనకెవరున్నారు? ఆమె భయమల్లా అదే.

వారానికోసారి మందులు తెచ్చే ఆరోగ్య కార్యకర్త షహ్నవాజ్ నిన్ననే వచ్చి, కంప జోలికి పోవద్దనీ, దుమ్ము రాకుండా కిటికీ ఇటుకలతో మూసెయ్యమనీ చెప్పాడు. ఆమెకు ఒళ్లు మండింది. మొగుడి జబ్బుకు తప్పంతా ఆ పాడుగాలిదేనని శాపనార్థాలు పెట్టింది. గాలిని తిట్టడం అందరికీ తేలికే, అది ఎదురు చెప్పదు కదా.

"గాలి మీ తాతలనాటిదే పెద్దమ్మా," అన్నాడతను. "అప్పుడు దాని కింద నీళ్లుండేవి. వానలు తప్పాయి, ఎండలు ముదిరాయి, పైనుంచి ఏరూ రావట్లేదు. బురద ఎండి పొడైపోయింది. ఆ పొడిని ఇంకా పట్టుకునున్నవి కంప వేళ్లే."

"నీకు ఉక్కపొయ్యదు కాబోలు నాయనా," అని అతన్ని సాగనంపింది.

ఇవాళ కొడవలితో వెళ్లి చూస్తే, ఎండిన సరస్సులో ఒక్క కంప గుబురే మిగిలింది. దాని మొదట్లో మట్టి మోకాలెత్తు దిబ్బకట్టి కదలకుండా ఉంది. పక్కనే, నిరుడు తడిక కోసం కంప కొట్టి, పొయ్యిలోకి పనికొస్తాయని వేళ్లు కూడా తను పెరికిన చోట, నేల గుంటపడింది. అందులోంచి తెల్లటి దుమ్ము లేచి తిన్నగా తన కిటికీవైపే పోతోంది. మొగుడి ఊపిరి కోసమని ఇన్నేళ్లూ చేసింది ఇదా అనుకునేసరికి ఏడుపొచ్చింది. ఓదార్చేవాళ్లు ఎవరూ లేరు.

ఉత్త చేతులతో ఇల్లు చేరింది. మట్టి కలిపి ఇటుకలతో కిటికీ మూస్తుంటే ఖుదాదాద్ నవ్వబోయి దగ్గాడు.

"సమాధి కడుతున్నావేమే? నేనింకా పోలేదు."

"పోనివ్వకూడదనే కడుతున్నా."

గది చీకటైంది, ఉక్క పెరిగింది. దగ్గు మాత్రం సాయంత్రానికి కాస్త తెరిపిచ్చింది. తడిక లేకుండా ఎండాకాలం ఎలా గడుస్తుందని అతను అడిగాడు. ఆమె అతని పక్కన కూర్చుంది.

"గాలిని ఆపడం మన చేతిలో లేదు, వానను రప్పించడమూ లేదు. మట్టిని పట్టుకున్న మొక్కను పీకకుండా ఉండటం మన చేతిలోనే ఉంది. ఊరంతా ఉన్నప్పుడే ఈ మాట చెవికెక్కుంటే, ఇవాళ మనిద్దరమే మిగిలేవాళ్లం కాదు."