పడగ్గదికి గులాబీ రంగు

"పండక్కి వచ్చేవాళ్ళు పడగ్గదిలోకి తొంగి చూస్తారా ఏమిటి?" అన్నాడు మా ఆయన ఎమెతేరియో. అప్పుడు నేను మా అమ్మాయి నైదా పరుపుని ఎండలో వేసి కర్రతో దులుపుతున్నాను. ఆగస్టు గాలులు వెళ్ళిపోయి పీచ్ చెట్లు పూత రాలుస్తున్న రోజులు. కొండల మధ్య ఉన్న మా ఊరు కొల్పపంపలో ఆగస్టుతో చలి విరగ్గానే గోడ పగుళ్ళలో నక్కిన వించూకలకీ మెలకువ వస్తుంది. నల్లికి పెద్దన్నలాంటి పురుగు అది. దీపం ఆర్పాక వాసాల మీంచి దిగి, నిద్రపోతున్న మనిషి మొహం మీద రక్తం తాగి, మళ్ళీ గోడలోకి వెళ్ళిపోతుంది. కుట్టినట్టు కూడా తెలియదు. తెలిసేది ఎన్నో ఏళ్ళకి, గుండె ఉబ్బి నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చినప్పుడు. ఆ పొద్దున నైదా దిండు కింద ఒకటి దొరికింది, పొట్ట నిండా తాగి, కదల్లేక.

పిల్లని తీసుకుని ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తాను. నర్సమ్మ రక్తం తీసి చూసి, ఇప్పటికి ఏమీ కనబడటం లేదు, కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దాం అంది. మందు కొట్టేవాళ్ళు వస్తారు గానీ పగుళ్ళు పూడ్చకపోతే పురుగు మళ్ళీ అక్కడే కాపురం పెడుతుందని కూడా చెప్పింది. మా పడగ్గది గోడలు పచ్చి ఇటుకలవి. పగుళ్ళలో నా చిటికెన వేలు దూరుతుంది. మట్టి మెత్తి, పైన సున్నం పూస్తేనే నిలుస్తుంది. ఉత్తి మట్టయితే ఎండకి మళ్ళీ నోళ్ళు తెరుస్తుంది.

సున్నం ఇంట్లోనే ఉంది. కానీ అది ముందు గోడకి తెచ్చింది. అక్టోబరులో రోసారియో మాత పండగ, ఈ ఏడు ఊరందరికీ విందు పెట్టే పెద్దరికం మాది. మా ఊళ్ళో పండగ పెద్ద ఇల్లంటే వీధి గోడ మెరిసిపోవాలి. లోపల వాసాల మీంచి ఏం రాలుతున్నా ఎవరికీ పట్టదు. ఎమెతేరియో ఏరికోరి గులాబీ రంగు పొడి కూడా తెచ్చి సున్నంలో కలిపించాడు. ఉన్నది ఒక్క గోడకి, లేదా ఒక్క గదికి. పడగ్గదికి వేద్దామని నేనన్న మాటకి వచ్చిన జవాబే పైన చెప్పింది. "మందు కొడతారుగా, ఇంకేమిటి నీ బాధ? ఇంట్లో ఉండేదానివి, రోజుకి రెండుసార్లు పక్కలు దులుపుకో," అని కూడా అన్నాడు.

ఇంట్లో ఉండేదాన్ని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆవుల పాలు పితికి, జున్ను గడ్డ కట్టించి, సంతకి మోసి, తిరిగొచ్చి కూరకి పెంచే గినీపందులకి గడ్డి కోసి, బంగాళాదుంపలు ఒలిచి, పక్కలు దులిపి, మధ్యలో దొరికితే కాసేపు ఇంట్లో ఉంటాను. వానలు మొదలయ్యే లోపు గోడలు మెత్తడం మా వైపు ఆడవాళ్ళ పని. ఎందుకని అడిగితే మెత్తటి చేతులు కావాలంటారు. నా చేతులు ఒకసారి పట్టుకుని చూస్తే ఆ మాట అనరు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు, ఊరంతా దోన్య అని గౌరవంగా పిలిచే హిలారియా, నన్ను మట్టి తొక్కే గుంటలో నిలబెట్టి, తను గట్టు మీద కూర్చుని తిడుతూ నేర్పింది. "మీ ఊళ్ళో గోడలు పిచ్చుకలు మెత్తుతాయా? అరచేతి మొదలుతో నొక్కు. కోడిపిల్లని నిమిరినట్టు నిమురుతావేం?" అనేది. ఏడుపొచ్చేది. గోడ మాత్రం నిలిచేది.

ఇప్పుడు ఆవిడ గట్టు దాకా కూడా నడవలేదు. ఎప్పుడో తన చిన్నప్పుడో, పడుచుతనంలోనో ఈ ఇంటి పురుగో పుట్టింటి పురుగో కుట్టింది. గుండె పెద్దదైపోయిందని కోచబాంబ పట్నంలో డాక్టర్లు చెప్పారు. వాకిట్లో గొర్రెతోలు పరచుకుని కూర్చుంటుంది. తిట్టడానికి మాత్రం ఆయాసం అడ్డం రాదు.

పండగ బాజా వాళ్ళని మాట్లాడటానికి ఎమెతేరియో పట్నం వెళ్ళిన రోజున నేను నాగజెముడు ఆకులు తరిగి నానబెట్టిన జిగురుని సున్నంలో పోసి కలిపాను. జిగురు పడితే సున్నం రాయిలా పట్టుకుంటుంది. కానీ ఒకసారి కలిపాక నిలవ ఉండదు, కుళ్ళు కంపు కొడుతుంది. అంటే ఆ రోజే ఏదో ఒక గోడకి వేసెయ్యాలి. బకెట్ పట్టుకుని వీధిలోకి వెళ్ళాను. ముందు గోడకి ఎదురుగా నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పొట్ట నిండిన ఆ పురుగే కళ్ళ ముందు మెదిలింది. దాని పొట్టలో ఉన్నది నా బిడ్డ రక్తం. బకెట్‌తో వెనక్కి తిరిగి, వాకిలి దాటి, అత్తగారి ముందు నుంచే పడగ్గదిలోకి నడిచాను.

"అటెక్కడికే, బసీలియా?" అంది వెనక నుంచి.

"లోపలికి, అత్తమ్మా."

తర్వాత గొర్రెతోలు ఈడ్చుకుంటున్న చప్పుడు. ఒక్కో అడుగుకీ ఆగుతూ వచ్చి గుమ్మంలో కూలబడింది. నేను తిట్లకి సిద్ధపడి గోడ వైపే చూస్తున్నాను.

"ముందు మంచం బయటికి లాగు. మంచం కోళ్ళ సందుల్లో మరుగు నీళ్ళు పొయ్యి. ఆ మూల పైన, దూలం కింద చూడు, అక్కడే గుంపుగా ఉంటాయి. మట్టి అక్కడ మొదలెట్టు," అంది.

రోజంతా ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. నేను పగుళ్ళలో మట్టి కూరి ఆరబెట్టి సున్నం పూస్తుంటే, ఆవిడ కళ్ళతో గోడంతా తడిమింది. "అక్కడ వదిలేశావు, గుడ్డిదానా," అంటూనే ఉంది. మధ్యలో ఒకసారి గొంతు తగ్గించి చెప్పింది. "నాకు తెలియదనుకున్నావా? వాసాల మీంచి ఎండుటాకుల్లా రాలేవి. పక్క దులిపి పడుకునేదాన్ని. మా అత్త కూడా సున్నం ముందు గోడకే అనేది. ఇల్లంటే ఇంతే కాబోలు అనుకున్నా."

ఆవిడ చూపించిన చోట మళ్ళీ మట్టి నొక్కాను. ఇన్నేళ్ళు నన్ను తిట్టిన మనిషి మీద అంత ప్రేమ ఎక్కడ దాగుందో అప్పటిదాకా నాకే తెలియదు.

సాయంత్రం ఎమెతేరియో వచ్చాడు. వీధిలో మట్టి గోడ అలాగే ఉంది. లోపల పడగ్గది గులాబీ రంగులో వెలిగిపోతోంది. చూసి అరుపు అందుకున్నాడు. "పదిమందిలో నా తల కొట్టేసినంత పని చేశావు. నా మాటంటే లెక్కలేదా నీకు?"

నేను నోరు తెరిచే లోపే, "నేనే వెయ్యమన్నాను," అంది అత్తగారు.

అతను గాలి తీసిన బంతిలా అయిపోయాడు. ఆ పూట ఇంక గొడవ లేదు. అంత పెద్ద అబద్ధాన్ని ఆయాసపడకుండా ఆడినందుకు ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. కానీ మనసులో ఒక ముల్లు కూడా మిగిలింది. తల్లి మాటయితే చెల్లుతుంది, అదే పని నేను చేశానంటే తప్పవుతుంది. అప్పుడు ఆ గోడ నాది ఎలా అవుతుంది?

పండగ వచ్చింది. బాజాలు మోగాయి, వేరుశెనగ పులుసు కుండలు ఖాళీ అయ్యాయి, మొక్కజొన్న కల్లు బానలు తిరిగాయి. బాప్తిస్మంలో నైదాకి జ్ఞానతల్లిగా నిలిచిన దోన్య తెయోదోరా కొత్త కుచ్చుల పావడా ఊపుకుంటూ వచ్చి, మా వీధి గోడ ముందు ఆగి, అందరికీ వినబడేలా అంది. "పండగ పెద్దల గోడ ఇలా మొహం కడుక్కోకుండా ఉందేమిటమ్మా? సున్నం ఎలకలు తిన్నాయా?"

నలుగురూ నవ్వారు. ఎమెతేరియో తల దించుకున్నాడు. అత్తగారు "నేనే..." అని మొదలెట్టింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఎలకలు కాదు వదినా, నేనే. లోపల పడగ్గదికి వేశాను. నైదా దిండు కింద వించూక దొరికింది. రండి, చూపిస్తాను," అన్నాను.

వించూక పేరు మా ఊళ్ళో ఎవరూ తమ ఇంటి గురించి చెప్పుకోరు. చెబితే పేద కొంప అంటారని భయం. తెయోదోరా కల్లు గిన్నె పట్టుకునే లోపలికి వచ్చింది. వెనకాల మిగతా ఆడవాళ్ళు. గోడ మీద గోరుతో కొట్టి చూశారు, దూలం కింద తడిమారు. తెయోదోరా మూల దాకా వెళ్ళి, అందరూ బయటికి వెళ్ళేదాకా ఆగి, "జిగురు ఎంత పోశావే? మా మనవడి గదిలో కూడా..." అని అక్కడితో ఆపేసింది. జిగురు సంగతి చెప్పాను. తనకి సాయం వస్తానని కూడా చెప్పాను.

అతిథులు వెళ్ళాక, గిన్నెలు తోముతుంటే ఎమెతేరియో పక్కన నిలబడి గొణిగాడు. "వచ్చే ఏడైనా ముందు గోడకి వేస్తావా?"

"నువ్వు వేసుకో," అన్నాను. కోపంతో అనలేదు. నిజంగానే అన్నాను. "నాకింకా అత్తమ్మ గది ఉంది. దానికి ఇంతవరకు ఎవరూ లోపల మట్టి ముట్టించలేదు."

"నా గదికెందుకే ఇప్పుడు? తాగాల్సిందంతా అవి తాగేశాయి," అంది గొర్రెతోలు మీంచి అత్తగారు.

"అయినా మెత్తుతాను."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "వచ్చే ఏటి దాకా ఎందుకురా? తిట్టే నోరు ఉండగానే నేర్చుకో. రేపు పొద్దున ప్యాంటు మడిచి మట్టి గుంటలోకి దిగు," అంది.

పొద్దున్నే దిగాడు.