మెరుగు రాయి

చిత్రకారుడైన భర్త కాగితం మీద బొమ్మ పూర్తి చేసి ఇస్తాడు. ఆమె దాన్ని చలువరాతి పలక మీద బోర్లించి, వెనకవైపు నున్నటి రాయితో రుద్దుతుంది. అలా రుద్దితేనే ముందు రంగులకు మెరుపొస్తుంది. అందుకే ఊరంతా ఆమెను మెరుగమ్మ అనేవారు. "కొలువులో అందరినీ వీపులతోనే ఎరుగుదును" అని ఆమె నవ్వేది.

బొమ్మలో మనిషి రాయికి వెచ్చగా తగిలితే ఆయువున్నట్టు, చల్లగా తగిలితే చెల్లిపోయినట్టు. ముసలి మంత్రిగారు చల్లబడ్డారని తెలియగానే ఆయన భార్య చుట్టాలకు కబురు పెట్టేసింది. మంత్రిగారు మాత్రం అలిగి భోజనం మానేశారు.

ఈసారి బొమ్మ వేయించింది పరాయి దొర. రాజ్యం అతని చేతికి పోయింది. గద్దె దిగిన రాజును ఎల్లుండి ఓడెక్కించి సముద్రం దాటిస్తున్నారు. రాజు, ఆయన వెంట వెళ్లే నౌకర్లు, పక్కన దొర, అందరూ ఒకే బొమ్మలో ఉండాలట. రాజు వెనక గొడుగు పట్టినవాడు మెరుగమ్మ తమ్ముడు. తల్లి పోయాక ఆమె చంకనేసుకుని పెంచిన పిల్లాడు.

దొర వెచ్చగా తగిలాడు. రాజు మంచుగడ్డ. గొడుగు దగ్గరికొచ్చాక ఆమె రాయి పక్కన పెట్టింది.

"ఏవండీ, తమ్ముడు చల్లగా ఉన్నాడు."

చిత్రకారుడు కుంచె కడుగుతూ తలెత్తలేదు. "రాసిపెట్టి ఉంటే మనమేం చేస్తామే? సమంగా రుద్దు. ఒక్కచోటే రుద్దావంటే అక్కడే మెరుస్తుంది. చూసేవాడి కన్ను అక్కడికే పోతుంది."

ఆమె అక్కడే రుద్దింది. వేళ్లు బొబ్బలెక్కినా ఆపలేదు. పొద్దువాలేసరికి రాయికి గోరువెచ్చగా తగిలింది.

మర్నాడు దొర బొమ్మ అందుకున్నాడు. రాజును చూడలేదు, తనను తాను కూడా చూసుకోలేదు.

"గొడుగు పట్టిన వీడెవడు? వీణ్ణి పంపకండి. నా దగ్గర ఉంటాడు."

నెల తిరక్కుండానే ఓడ మునిగిందని కబురొచ్చింది. ఆ రోజే తమ్ముడు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"అక్కడ మెరిసేలా రుద్దింది నువ్వేగా?"

"నువ్వు బతకాలనిరా."

"పదేళ్లు ఆయన మీద ఎండ పడనివ్వలేదక్కా. ఓడెక్కేటప్పుడు ఆయన నెత్తిన ఎండ. నా గొడుగు దొర మీద."

ఆమె లోపలికి రమ్మంది. రాలేదు.

ఇప్పుడు దొర వెంట రోజూ ఆ వీధినే వెళ్తాడు, ఇంటివైపు తల తిప్పడు. మెరుగమ్మ పని ఆపి గుమ్మంలోకి వస్తుంది. తమ్ముడి వీపు సందు మలుపు తిరిగేదాకా చూసి, మళ్లీ వెళ్లి రాయి పట్టుకుంటుంది.