పడవ గట్టు తీగ

నాగదుర్గ చాటలో పోసుకున్న నెత్తళ్లకు తలలు తుంచుతోంది. ఒక్కో చేపకు ఒక్క గిల్లు. తలతోపాటు పేగు కూడా వచ్చేయాలి. రోజూ చేసే పనే. ఈవేళ మాత్రం నాలుగు తుంచి, అయిదో చేపను తలతోనే గిన్నెలో వేసేస్తోంది. ఎదురుగా కూర్చున్న అత్త కోటిరత్నం వాటిని ఏరి మళ్లీ చాటలో పడేస్తోంది.

"ఏంటే, కళ్లతో సహా పులుసు పెడతావా ఏంటి? మనసెక్కడ పెట్టావ్?"

"ఇక్కడే ఉందత్తా."

ఇక్కడ లేదు. బాపట్ల నుంచి సూర్యలంక వచ్చే దారిలో, సోలార్ ప్లేట్ల కింద ఉంది.

ఆ ఇసుక నేలలో ప్లేట్లు పెట్టి రెండేళ్లయింది. నాగదుర్గా, మరో నలుగురు ఆడవాళ్లూ పొద్దున్నే వాటిని కడుగుతారు. కడిగిన గంటకే గాలి లేస్తుంది, అద్దాల మీద మళ్లీ ఇసుక పరుచుకుంటుంది. అక్కడి పనులు చూసే జావీద్ తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్తాడు. నేల బోడిగా ఉన్నన్నాళ్లూ ఈ బాధ తప్పదని, ప్లేట్ల కింద ఈ తీరంలో పుట్టిన తీగల్నే పెంచుదామని పైవాళ్లను అతనే ఒప్పించాడు. రేపల్లె వైపు నుంచి తడి గోనెల్లో ముక్కలు తెప్పించి, ఒక ఆదివారం మూడు వరసల కింద తానే వంగి నాటాడు. ప్లేట్లు కడిగిన నీళ్లు జారిపడే అంచునే నాటాడు, వేరే నీళ్లు మోసే పని లేకుండా. వారానికే చిగుళ్లు వేశాయి.

ఆదివారం ఆడవాళ్లకు సెలవు. నాటిన సంగతి వాళ్లకు తెలియదు.

వాళ్ల పల్లెలో ఆడదాని పనితనం వాకిట్లోనే తెలిసిపోతుంది. ఇసుక మీద చీపురు గీతలు తప్ప ఇంకేమీ కనపడకూడదు. పచ్చగా ఏది మొలిచినా పీకేయాలి, లేకపోతే పురుగూ పుట్రా చేరతాయి. పెద్ద సార్లు చూడ్డానికి వస్తున్నారని విని శనివారం మధ్యాహ్నం, ఎవరూ అడక్కుండానే, ఆ చిగుళ్లు పీకడానికి ముందు వంగింది నాగదుర్గే. సాయంత్రానికి మూడు వరసలూ పండగ వాకిలిలా తయారయ్యాయి.

సోమవారం జావీద్ వచ్చి ఆ వరసల దగ్గర వంగాడు. ఎండిన తీగ ముక్క ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"బాగా ఊడ్చారమ్మా," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, వేరే మాట దొరక్క అన్నాడు.

అంతలో ఫోన్ మోగింది. ఆదివారం వచ్చి బోడి నేల చూసి వెళ్లిన పెద్ద సారు గొంతు బయటికే వినిపించింది. "ఎవరు పీకారో పేర్లు చెప్పు. ఇవాళే మాన్పించేద్దాం."

నాగదుర్గ చేతిలో చీపురు అలాగే ఉంది.

"పేర్లేం లేవు సార్. పొరపాటు నాదే. ఏం నాటానో వాళ్లకి చెప్పలేదు నేను."

పదిహేను రోజుల్లో మళ్లీ పచ్చదనం కనిపించాలన్నారు. లేకపోతే అంతటా కంకర పోయిస్తారు, జావీద్‌ను ఇంకో ఊరికి పంపేస్తారు. అయిదు రోజులు అప్పుడే గడిచిపోయాయి. రేపల్లెలో ఇంక ముక్కలు లేవన్నారు.

"మామ్మగారూ, ఉన్నారా?"

వాకిట్లో జావీద్. చెప్పులు దూరంగా విప్పి, చీపురు గీతలు చెరగకుండా అంచునే నడిచొచ్చాడు. అది చూసి నాగదుర్గ చేతిలో చేపను చాటలో పెట్టేసింది.

"రా బాబూ. ఏంటిలా వచ్చావ్? ఎండు చేపలు కావాలా?"

"కాదండి. మీ పడవ గట్టు మీద ఊదారంగు పూల తీగ ఉంది కదండి. దాన్లోంచి కొన్ని ముక్కలు..."

"తెనాలోళ్లు తీగ కూడా వండుకుంటున్నారా ఇప్పుడు?"

జావీద్ నవ్వాడు. "ప్లేట్ల కింద నాటడానికండి. మొదట నాటినవి పోయాయి. నాదే పొరపాటు. బీచ్ దగ్గర తీగంతా కార్లు పెట్టుకోడానికి చెక్కేశారు. దట్టంగా ఉన్నది మీ గట్టు మీదేనండి."

కోటిరత్నం నవ్వు ఆపేసింది. "తుపానుకి గట్టు కొట్టుకుపోతే మా ఆయన మూరమూరా నాటిన తీగ బాబూ అది. దాని మీద కొడవలి పెట్టడం మా పల్లెలో లేదు. పెడితే నాటిన చెయ్యే పెట్టాలి. ఆ చెయ్యి ఇప్పుడు లేదు."

"అలాగేనండి," అన్నాడు జావీద్. చెప్పుల వైపు తిరిగాడు.

"పీకింది నేనత్తా," అంది నాగదుర్గ.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"కలుపనుకుని మొత్తం నేనే పీకించా. పేర్లు చెప్పమని పైనించి ఫోనొస్తే, మేం అయిదుగురం ఎదురుగానే ఉన్నా, తప్పు నాదే అని తనమీదేసుకున్నాడు. ఇప్పుడు నీ దగ్గరా అదే మాటన్నాడు. విన్నావుగా."

"ఎందుకమ్మా ఇప్పుడదంతా," అన్నాడు జావీద్, నేల చూస్తూ.

"మా పిల్లలు రెండు పూటలా తింటున్నారంటే ఆ రోజు మీరు మా పేర్లు చెప్పకపోబట్టే సార్. మీకు దణ్ణం పెట్టడం కూడా చేతకాలేదు నాకు." ఆమె చేప వాసనేసే చేతుల్ని కొంగుకు తుడుచుకుంది. "అత్తా, నాటింది మావయ్య ఒక్కడేనా? ముక్కలు అందించిందీ, బిందెలతో నీళ్లు పోసిందీ నువ్వేనని నాకు నువ్వేగా చెప్పావు? అది నాటిన చెయ్యి కాదా?"

కోటిరత్నం తన చేతుల్ని ఒకసారి చూసుకుంది. పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. తొట్టి దగ్గరికెళ్లి మోచేతుల దాకా కడుక్కుంది. చూరులోంచి కొడవలి తీసింది. ఖాళీ గోనె ఒకటి నీళ్లలో ముంచి, పిండి, భుజాన వేసుకుంది.

జావీద్ పక్కనుంచి, తను పొద్దున ఊడ్చుకున్న వాకిట్లో చీపురు గీతల మీద నుంచే నడిచి, గట్టు వైపు వెళ్లిపోయింది.